హెడ్‌ఫోన్స్ ‘కనెక్టెడ్’ అంటున్నాయి, ఫోనులో మాత్రం పేరే కనిపించడం లేదు

విద్యుల్లత
నా దగ్గర తల మీదుగా పెట్టుకునే వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్ ఉన్నాయి. ఇంతకాలం వాటిని ల్యాప్‌టాప్‌తోనే వాడుతూ వచ్చాను, ఏ ఇబ్బందీ రాలేదు. ఇప్పుడు నడుస్తూ పాఠాలు వినాలనుకుని ఫోనుకు కలపబోతే పని జరగడం లేదు. బటన్ నొక్కగానే ‘పవర్ ఆన్’ అని, ఆ వెంటనే ‘కనెక్టెడ్’ అని లోపలి నుంచి మాట వినిపిస్తుంది, నీలి దీపం నెమ్మదిగా మిణుకుమంటూ ఉంటుంది. ఫోనులో బ్లూటూత్ ఆన్ చేసి ఎంతసేపు వెతికించినా ఎవరిదో టీవీ పేరు, ఎవరిదో వాచీ పేరు కనిపిస్తాయే తప్ప నా హెడ్‌ఫోన్స్ పేరు రాదు. ఫోను రీస్టార్ట్ చేశాను, హెడ్‌ఫోన్స్‌కు ఛార్జింగ్ కూడా నిండా పెట్టాను. కొత్తవి కొనడమే మేలని ఇంట్లో అంటున్నారు, కానీ చక్కగా పనిచేస్తున్న వస్తువును పక్కన పడేయడానికి నాకు మనసొప్పడం లేదు. లోపం ఫోనుదా, హెడ్‌ఫోన్స్‌దా అన్నది ఎలా తేల్చుకోవాలి?

చిన్నమరమ్మతులు
సమాధానం మీ ప్రశ్నలోనే ఉంది. ‘కనెక్టెడ్’ అని వినిపించిందంటే అవి ఎవరితోనో కలిశాయన్నమాట. ఫోనుతో కలవలేదు కాబట్టి ల్యాప్‌టాప్‌తోనే కలిసి ఉండాలి. ముందు ల్యాప్‌టాప్‌లో బ్లూటూత్ ఆపేసి, తర్వాత మళ్లీ ప్రయత్నించండి.

పాతరేడియో
అంత దూరం ఆలోచించనవసరం లేదు. ఫోనులో లొకేషన్ ఆన్ చేస్తే సరిపోతుంది. లొకేషన్ ఆపేసి ఉంటే బ్లూటూత్ దేన్నీ వెతకలేదు. మా ఇంట్లో ఫిట్‌నెస్ వాచీకి ఇలాగే జరిగితే లొకేషన్ ఆన్ చేశాకే దొరికింది.

విద్యుల్లత
చిన్నమరమ్మతులు గారూ, ల్యాప్‌టాప్ పక్క గదిలో మూత వేసి ఉంది. మూసి ఉన్న ల్యాప్‌టాప్ కూడా హెడ్‌ఫోన్స్‌ను పట్టుకుంటుందా?

సాంకేతికుడు
పట్టుకోగలదు. మూత వేస్తే తెర ఆరిపోతుంది, యంత్రం నిద్రలోకి జారుకుంటుంది, కానీ బ్లూటూత్ మౌసు కదిపినా కీబోర్డు నొక్కినా మేల్కొనడానికి వీలుగా చాలా ల్యాప్‌టాపులు నిద్రలో కూడా ఆ రేడియోను పూర్తిగా ఆపవు. గోడ అవతల ఉన్నా దూరం పది మీటర్ల లోపే కాబట్టి సంకేతం అందుతూనే ఉంటుంది.

అసలు విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ వచ్చే ఫిర్యాదుల్లో సగానికి పైగా దీని చుట్టూనే తిరుగుతాయి. పెయిరింగ్ వేరు, కనెక్షన్ వేరు. పెయిరింగ్ అనేది మొదటిసారి మాత్రమే జరిగే పరిచయం. అప్పుడు రెండు పరికరాలూ కలిసి ఒక రహస్య సంఖ్యను తయారు చేసుకుని, చెరొక ప్రతిని తమ జ్ఞాపకంలో దాచుకుంటాయి. దాన్ని లింక్ కీ అంటారు. ఆ తర్వాత ఎప్పుడు కలిసినా ఆ కీ సరిపోయిందా లేదా అన్నది మాత్రమే చూసుకుని, అడగకుండానే కనెక్ట్ అవుతాయి. మీరు హెడ్‌ఫోన్స్ ఆన్ చేసిన క్షణంలో అవి ‘నేనిక్కడ ఉన్నాను, ఎవరైనా రండి’ అని ప్రకటించవు, తమకు తెలిసిన పాత పరికరం ఎక్కడైనా ఉందా అని మాత్రమే పిలుస్తాయి. కొత్త ఫోనుకు కనిపించాలంటే వాటిని ప్రత్యేకంగా పెయిరింగ్ మోడ్‌లో పెట్టాలి.

పాతరేడియో గారు చెప్పిన లొకేషన్ సంగతి వాచీ విషయంలో నిజమే, హెడ్‌ఫోన్స్ విషయంలో కాదు. ఆండ్రాయిడ్ 6 నుంచి 11 వరకు, చుట్టుపక్కల పరికరాలను వెతకాలనుకునే యాప్‌కు లొకేషన్ అనుమతి తప్పనిసరి. వాచీని యాప్ ద్వారా కలుపుతాం కాబట్టి మీకు అలా జరిగింది. ఆండ్రాయిడ్ 12 నుంచి దానికి ‘సమీప పరికరాలు’ అనే వేరే అనుమతి వచ్చింది. ఫోను సొంత సెట్టింగ్స్‌లోని బ్లూటూత్ పేజీ నుంచి వెతికితే లొకేషన్‌తో పని లేదు.

పాతరేడియో
వివరణ బాగుంది, వాచీ సంగతి ఇప్పుడు అర్థమైంది. అయినా ఒక సందేహం. ల్యాప్‌టాప్‌తో కలపడానికి మొదటిసారి పెయిరింగ్ మోడ్ పెట్టిన గుర్తు చాలామందికి ఉండదు. పెట్టె తెరిచి ఆన్ చేయగానే జాబితాలో కనిపించాయంటారు. అప్పుడు కనిపించినవి ఇప్పుడెందుకు కనిపించవు?

సాంకేతికుడు
ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు వాటి జ్ఞాపకంలో ఎవరూ ఉండరు. పిలవడానికి పాత పరిచయం లేనప్పుడు చాలా హెడ్‌ఫోన్స్ నేరుగా పెయిరింగ్ మోడ్‌లోకే వెళ్తాయి. ఒక్క పరికరం జ్ఞాపకంలో చేరాక ఆ ప్రవర్తన మారిపోతుంది. అందుకే మొదటి ఫోనుకు సులువుగా కలిసినవి రెండో ఫోను దగ్గరకు వచ్చేసరికి మొండికేసినట్లు అనిపిస్తాయి.

నిశాచరి
మా ఇంట్లో ఇదే జరిగినప్పుడు మా పాప ‘హెడ్‌ఫోన్స్‌కి వేరే ఫ్రెండ్ దొరికారు, అందుకే మనతో మాట్లాడటం లేదు’ అంది. ఆ పసిదాని మాటలో ఎంత నిజం ఉందో ఇప్పుడు తెలిసింది.

చిన్నమరమ్మతులు
విద్యుల్లత గారూ, పెయిరింగ్ మోడ్‌లో పెట్టే తీరు నమూనాను బట్టి మారుతుంది. తల మీద పెట్టుకునే వాటిలో ఎక్కువ భాగం ఇలా పనిచేస్తాయి: ముందు పూర్తిగా ఆపేయాలి, ఆ తర్వాత పవర్ బటన్‌ను మామూలుగా ఆన్ చేసేంత సేపు నొక్కి వదిలేయకుండా ఇంకో అయిదారు సెకన్లు అలాగే పట్టి ఉంచాలి. ‘పవర్ ఆన్’ అనగానే వేలు తీసేయడం అలవాటు కాబట్టి అందరూ అక్కడే ఆగిపోతారు. పట్టి ఉంచితే ‘పెయిరింగ్’ అనే మాట వినిపిస్తుంది, లేదా దీపం ఎరుపు, నీలం రంగుల్లో మార్చి మార్చి వేగంగా వెలుగుతుంది. మీరు చెప్పిన నెమ్మదైన నీలి మిణుకు కనెక్ట్ అయి ఉన్న స్థితిని చూపిస్తోంది. కొన్నింటిలో బ్లూటూత్ గుర్తుతో విడిగా చిన్న బటన్ ఉంటుంది. డబ్బీలో పెట్టుకునే ఇయర్‌బడ్స్ అయితే బటన్ డబ్బీ వెనకో అడుగునో ఉంటుంది, మూత తెరిచి ఉంచి నొక్కాలి.

స్వరజతి
ఒక చిన్న చేర్పు. ఫోనులో బ్లూటూత్ పేజీ తెరిచి ఉంచాకే హెడ్‌ఫోన్స్‌ను పెయిరింగ్ మోడ్‌లో పెట్టండి. ఆ మోడ్ కొద్ది నిమిషాల్లో దానంతట అదే ఆగిపోతుంది. ఆండ్రాయిడ్‌లో ‘కొత్త పరికరాన్ని జత చేయండి’ అన్న వరుసను నొక్కితేనే వెతుకులాట మొదలవుతుంది, ఐఫోన్‌లో బ్లూటూత్ పేజీ తెరిచి ఉంచితే చాలు.

విద్యుల్లత
ల్యాప్‌టాప్‌లో బ్లూటూత్ ఆపి, చెప్పినట్లే బటన్ పట్టి ఉంచాను. దీపం ఎరుపు, నీలం రంగుల్లో వెలిగింది, ఫోనులో పేరు కనిపించింది. చాలా సంతోషం. కానీ పేరు రెండు చోట్ల ఉంది. ‘సేవ్ చేసిన పరికరాలు’ కింద ఒకటి, ‘అందుబాటులో ఉన్నవి’ కింద ఇంకొకటి. పైదాన్ని నొక్కితే ‘కనెక్ట్ చేయడం సాధ్యం కాలేదు’ అంటోంది. కింద ఉన్నది నొక్కడానికి భయపడి ఆగాను. ఈ హెడ్‌ఫోన్స్‌ను ల్యాప్‌టాప్‌కు కలపక ముందు, కొన్న కొత్తలో, ఇదే ఫోనుతో కొద్దికాలం వాడాం, ఆ సంగతి ముందు చెప్పడం మరిచాను.

సాంకేతికుడు
పైన ఉన్నది పాత పరిచయం. మీ ఫోను దగ్గర పాత కీ అలాగే ఉంది, హెడ్‌ఫోన్స్ మాత్రం దాన్ని మరిచిపోయాయి. మధ్యలో ఎవరో వాటిని రీసెట్ చేసి ఉండవచ్చు, లేదా వాటి జ్ఞాపకంలో చోటు నిండి, అన్నిటికన్నా పాతది తొలగిపోయి ఉండవచ్చు. ఒక వైపు కీ ఉండి రెండో వైపు లేకపోతే కనెక్షన్ ఎన్నటికీ కుదరదు, తెర మీద కనిపించే సందేశం కారణమేమిటో చెప్పదు. పాత పేరు పక్కనున్న గేరు గుర్తు నొక్కి ‘ఫర్గెట్’ చేయండి. ఐఫోన్ అయితే పక్కన ‘ఐ’ గుర్తు ఉంటుంది. ఆ తర్వాత హెడ్‌ఫోన్స్‌ను మళ్లీ పెయిరింగ్ మోడ్‌లో పెట్టి కొత్తగా కలపండి.

ఇక్కడ పిన్ అడుగుతుందేమోనని చాలామంది సందేహపడతారు. 2007లో వచ్చిన బ్లూటూత్ 2.1 నుంచి పెయిరింగ్ పద్ధతి మారింది, తెర లేని హెడ్‌ఫోన్స్‌కు పిన్ అవసరం లేకుండా పోయింది. అంతకన్నా పాత పరికరమైతే 0000 గానీ 1234 గానీ కొట్టి చూడండి.

పాతరేడియో
ఇంత తిప్పలు ఎందుకు, నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ చేస్తే అన్నీ ఒక్కసారిగా తుడిచిపెట్టుకుపోతాయి కదా? నేనెప్పుడూ అదే చేస్తాను.

స్వరజతి
పాతరేడియో గారూ, దీనితో నేను ఏకీభవించలేను. ఐఫోన్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ చేస్తే వైఫై పాస్‌వర్డులు కూడా పోతాయి, ఆండ్రాయిడ్‌లో ‘వైఫై, బ్లూటూత్ రీసెట్’ చేసినా అంతే. కారు, వాచీ, స్పీకరు, అన్నిటినీ మళ్లీ మొదటి నుంచి కలుపుకోవాలి. ఒక్క పరికరం మొండికేసినందుకు అన్నింటి పరిచయాలూ చెరిపేయడం న్యాయం కాదు. ఫోను దేనితోనూ కలవని స్థితి వచ్చినప్పుడు మాత్రమే అటు వెళ్లాలి.

పాతరేడియో
ఒప్పుకుంటున్నాను. నా దగ్గర ఉన్నవి ఒక స్పీకరూ ఒక వాచీ మాత్రమే కాబట్టి నాకు భారంగా అనిపించలేదు.

విద్యుల్లత
ఫర్గెట్ చేసి మళ్లీ కలిపాను, కలిసింది. పేరు కింద ‘యాక్టివ్’ అని కూడా వచ్చింది. ఇప్పుడు వింతేమిటంటే పాఠం ఫోను స్పీకరు నుంచే వినిపిస్తోంది. ఎవరికైనా ఫోన్ చేస్తే మాత్రం గొంతు హెడ్‌ఫోన్స్‌లో వస్తోంది.

శ్రవణరేఖ
ఆ పేరు పక్కనున్న గేరు గుర్తు నొక్కితే ‘ఫోన్ కాల్స్’, ‘మీడియా ఆడియో’ అని విడివిడిగా మీటలు ఉంటాయి. మీ ఫోనులో రెండోది ఆపేసి ఉంటుంది, ఆన్ చేయండి. ఫోను దృష్టిలో పాట వినిపించడం ఒక పని, కాల్ మోయడం మరొక పని, రెండింటికీ వేర్వేరు దారులు ఉంటాయి. ఒక దారి తెరిచి రెండోది మూసి ఉంచే వీలు ఆండ్రాయిడ్‌లో ఉంది. వాల్యూమ్ బటన్ నొక్కినప్పుడు వచ్చే పట్టీలో గానీ, పాట నడుస్తున్నప్పుడు నోటిఫికేషన్‌లో కనిపించే చిన్న గుర్తులో గానీ శబ్దం ఎటు వెళ్లాలో ఎంచుకునే వీలు కూడా ఉంటుంది. ఐఫోన్‌లో కంట్రోల్ సెంటర్ తెరిచి ఎంచుకోవాలి.

విద్యుల్లత
మీటను ఆన్ చేయగానే పాఠం చెవుల్లోకి వచ్చేసింది. శ్రవణరేఖ గారికి, అందరికీ కృతజ్ఞతలు. ఇక రోజూ ల్యాప్‌టాప్‌లో బ్లూటూత్ ఆపుతూ ఉండాల్సిందేనా, రెండింటికీ ఒకేసారి కలిపే దారి ఉందా?

స్వరజతి
మీ హెడ్‌ఫోన్స్‌లో మల్టీపాయింట్ ఉంటే రెండింటికీ ఒకేసారి కలిపి ఉంచవచ్చు. ల్యాప్‌టాప్‌లో వీడియో చూస్తుండగా ఫోను మోగితే కాల్ దానంతట అదే చెవిలోకి వస్తుంది. తయారీదారు యాప్‌లో ఆ మీట ఉందేమో చూడండి. చాలా వాటిలో మొదట ఆపేసి ఉంటుంది.

చిన్నమరమ్మతులు
మల్టీపాయింట్ మంచిదే గానీ అందరికీ సిఫారసు చేయలేను. నా దగ్గరకు వచ్చే ఫిర్యాదుల్లో ‘పాట మధ్యలో ఆగిపోతోంది’ అనే వాటికి తరచుగా అదే కారణం. ల్యాప్‌టాప్‌లో ఒక మెయిల్ వచ్చి ‘టింగ్’ మంటే చాలు, హెడ్‌ఫోన్స్ అటు తిరిగి ఫోనులో పాటను ఆపేస్తాయి. కొన్ని నమూనాల్లో అది ఆన్ చేస్తే మెరుగైన కోడెక్ (శబ్దాన్ని కుదించి పంపే పద్ధతి) పనిచేయదు కూడా.

స్వరజతి
ల్యాప్‌టాప్‌లో నోటిఫికేషన్ శబ్దాలు ఆపేస్తే మీరు చెప్పిన ఇబ్బంది చాలావరకు తీరుతుంది. రోజంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని కాల్స్ కూడా చూసుకోవాల్సిన వారికి అది ఎంత సౌకర్యమో వాడిన వారికే తెలుస్తుంది. అవసరాన్ని బట్టి నిర్ణయించుకోమందాం.

నిశాచరి
నాది దీనికి దగ్గరి సమస్యే కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. నా ఇయర్‌బడ్స్‌లో కుడిది మాత్రమే వినిపిస్తోంది. ఫోనులో కనెక్ట్ అయినట్లే చూపిస్తోంది. ఫర్గెట్ చేసి మళ్లీ కలిపినా మార్పు లేదు.

చిన్నమరమ్మతులు
ముందు ఎడమదానికి ఛార్జింగ్ ఎక్కుతోందో లేదో చూడండి. డబ్బీ లోపల అడుగున బంగారు రంగులో చిన్న చిన్న లోహపు మొనలు ఉంటాయి, బడ్ మీద వాటికి ఎదురుగా అంతే చిన్న చుక్కలు ఉంటాయి. చెమట, చెవి గులిమి, దుమ్ము కలిసి ఆ చుక్కల మీద పలచని పొరలా గట్టిపడతాయి, మామూలు వెలుతురులో అది కంటికి కూడా ఆనదు. దీపం కింద కొంచెం వాలుగా పట్టి చూస్తే లోహం మెరవాల్సిన చోట మసక కనిపిస్తుంది. పొడి దూది పుల్లతో మెల్లగా తుడవండి. నీళ్లు వద్దు, సూది అసలే వద్దు. వినిపించే జాలీ మీద కూడా గులిమి అడ్డుపడుతుంది, దాన్ని పొడి మెత్తని బ్రష్‌తో, జాలీ కిందివైపు ఉండేలా పట్టుకుని దులపాలి.

డబ్బీలో పెట్టగానే ఎడమదాని దీపం కూడా వెలిగితే ఛార్జింగ్ ఎక్కుతున్నట్లే. అప్పుడు రెండూ ఒకదాన్నొకటి మరిచిపోయి ఉండవచ్చు. రెండింటినీ డబ్బీలో పెట్టి, డబ్బీ బటన్‌ను దీపం రంగు మారేదాకా పట్టి ఉంచితే రీసెట్ అవుతాయి. ఆ తర్వాత ఫోనులో పాత పేరు తీసేసి కలపాలి. రీసెట్ చేసేటప్పుడు రెండూ డబ్బీలోనే ఉండటం ముఖ్యం.

శ్రవణరేఖ
అంతకన్నా ముందు ఒక్క క్షణంలో తేలే పరీక్ష ఉంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద ఎడమ, కుడి చెవుల మధ్య శబ్దాన్ని పంచే గీత ఉంటుంది. అది ఒక చివరకు జరిగిపోయి ఉంటే ఎన్ని రీసెట్‌లు చేసినా రెండో చెవికి శబ్దం రాదు. పిల్లల చేతిలో ఫోను ఆడే ఇళ్లలో ఇది తరచుగా జరుగుతుంది.

నిశాచరి
గీత మధ్యలోనే ఉంది. ఎడమ బడ్ చుక్కల మీద మసక నిజంగానే కనిపించింది. తుడిచి పెడితే దీపం వెలిగింది, కొంతసేపు ఛార్జింగ్ పెట్టాక రెండు చెవులా వినిపిస్తోంది. రీసెట్ అవసరమే పడలేదు.

పాటలు ఇంత బాగా వినిపిస్తున్నా కాల్ వచ్చేసరికి అవతలి గొంతు డొల్లగా, దూరం నుంచి వస్తున్నట్లుగా ఎందుకు మారిపోతుందో కూడా చెప్పగలరా? అవతలి వాళ్లకు నా గొంతు కూడా అలాగే ఉందట.

తెరచాప
కోడెక్ మార్చండి. సెట్టింగ్స్‌లో దాగి ఉండే డెవలపర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి ఎల్‌డాక్ అనే కోడెక్‌ను ఎంచుకుంటే శబ్దం అద్భుతంగా ఉంటుంది. ఆండ్రాయిడ్ 8 నుంచి అది ఆండ్రాయిడ్‌లోనే భాగమైంది.

సాంకేతికుడు
తెరచాప గారు చెప్పినది పాటలకు వర్తిస్తుంది, కాల్‌కు వర్తించదు. పాట వినేటప్పుడు శబ్దం ఒకే దిశలో, ఫోను నుంచి చెవికి ప్రయాణిస్తుంది. దానికి ఏ2డీపీ అనే దారి ఉంది. ఎస్‌బీసీ, ఏఏసీ, ఆప్ట్‌ఎక్స్, ఎల్‌డాక్ లాంటి కోడెక్‌లన్నీ ఆ దారిలో నడిచేవే. కాల్ మొదలవగానే మీ మైకు శబ్దం కూడా వెనక్కి వెళ్లాలి కాబట్టి ఫోను ఆ దారిని వదిలి హెచ్‌ఎఫ్‌పీ అనే రెండో దారికి మారుతుంది. అది కాల్స్ కోసమే రూపొందింది, స్టీరియో ఉండదు. పాత పద్ధతిలో శబ్దాన్ని సెకనుకు 8,000 సార్లు మాత్రమే కొలిచి పంపుతుంది, 2011లో వచ్చిన మెరుగైన పద్ధతిలో 16,000 సార్లు. పాటల దారిలో అది సాధారణంగా 44,100 లేదా 48,000 ఉంటుంది. డొల్లదనం అక్కడి నుంచి వస్తోంది. ఎల్‌డాక్ సెకనుకు 990 కిలోబిట్లు మోయగలిగినా కాల్ సమయంలో అది పక్కకు తప్పుకుంటుంది.

తెరచాప
అయితే ఎక్కువ ధర పెట్టి కొన్న హెడ్‌ఫోన్స్‌లో కూడా కాల్ ఇలాగే ఉంటుందా? నాకు ఇది అన్యాయంగా తోస్తోంది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసేవన్నీ పాటల గురించేనా?

సాంకేతికుడు
మంచి మైకులు, గాలి శబ్దాన్ని వడకట్టే ఏర్పాటు ఉన్నవాటిలో తేడా కచ్చితంగా తెలుస్తుంది, కానీ దారి ఇరుకు కావడం మాత్రం అందరికీ ఒకటే. 2020లో ప్రకటించిన ఎల్‌ఈ ఆడియో అనే కొత్త బ్లూటూత్ పద్ధతి ఈ ఇరుకును తొలగించడానికి వచ్చింది. ఎల్‌సీ3 అనే కొత్త కోడెక్‌తో రెండు దిశల్లోనూ మెరుగైన శబ్దం పంపగలదు. ఆండ్రాయిడ్ 13 నుంచి దానికి వ్యవస్థ సిద్ధంగా ఉంది, కానీ ఫోనూ హెడ్‌ఫోన్స్ రెండూ దాన్ని అర్థం చేసుకునేవై ఉండాలి. ఒక్కటి పాతదైనా మళ్లీ పాత దారే గతి. కొనబోయే వారు పెట్టె మీద బ్లూటూత్ వెర్షన్ సంఖ్య కాకుండా ఎల్‌ఈ ఆడియో అన్న మాట ఉందో లేదో చూడాలి.

ల్యాప్‌టాప్‌లో మీటింగులకు మాత్రం ఒక ఉపాయం ఉంది. మైకుగా ల్యాప్‌టాప్ సొంత మైకును ఎంచుకుని, వినడానికి మాత్రమే హెడ్‌ఫోన్స్‌ను ఎంచుకుంటే అవి పాటల దారిలోనే ఉండిపోతాయి, ఎదుటివారి గొంతు నిండుగా వినిపిస్తుంది.

గళవిపంచి
నేను చూపు లేని వ్యక్తిని. ఫోను తెర మీద ఉన్నదంతా చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తోనే ఫోను వాడతాను, ఈ చర్చను కూడా అలాగే విన్నాను. నాకున్న సమస్యను ఇంతవరకు ఎవరూ ప్రస్తావించలేదు. వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నప్పుడు ప్రతి మాటలోనూ మొదటి అక్షరం మాయమవుతుంది. ‘పంపు’ అన్నది ‘పు’ అని, ‘తొలగించు’ అన్నది ‘లగించు’ అని వినిపిస్తుంది. కొంత విరామం ఇచ్చి తెరను తాకినప్పుడే ఇలా అవుతుంది, వరసగా తాకుతూ పోతే మాట పూర్తిగానే వస్తుంది. పాటలు వినేవారికి అర సెకను పెద్ద విషయం కాకపోవచ్చు. నాకు మాత్రం ఆ మొదటి అక్షరంతోనే నా వేలి కింద ఏ బటన్ ఉందో తెలియాలి. బ్యాంకు యాప్‌లో ఉన్నప్పుడు ఇది చిన్న ఇబ్బంది కాదు.

సాంకేతికుడు
గళవిపంచి గారూ, మీరు గమనించిన విరామంలోనే కారణం ఉంది. కొన్ని క్షణాలు ఏ శబ్దమూ లేకపోతే బ్యాటరీ ఆదా కోసం ఫోను ఆ శబ్ద ప్రవాహాన్ని ఆపేస్తుంది, కనెక్షన్ మాత్రం ఉంటుంది. మళ్లీ శబ్దం రాగానే ప్రవాహం మొదలుకావడానికి కొంత సమయం పడుతుంది, ఆ లోపు పలికిన భాగం పోతుంది. దీనికి తోడు కొన్ని హెడ్‌ఫోన్స్ నిశ్శబ్దంలో తమ యాంప్లిఫయర్‌ను కూడా ఆపేస్తాయి. నిశ్శబ్దాన్నే ఆపకుండా ప్రసారం చేస్తూ ప్రవాహాన్ని తెరిచి ఉంచే చిన్న యాప్‌లు ఆండ్రాయిడ్‌లో ఉన్నాయి. బ్యాటరీ కొంచెం ఎక్కువ ఖర్చవుతుంది, కానీ మీ అవసరానికి అది తగిన ఖర్చే.

శ్రవణరేఖ
అయినా డబ్బుతో ముడిపడ్డ పనులకు వైరు ఇయర్‌ఫోన్స్ వాడమనే నా సలహా. చెవిలో పడే మాటకూ వేలికీ మధ్య వైరులో ఆలస్యం ఉండదు. గుండ్రటి జాక్ లేని ఫోనైనా ఛార్జింగ్ రంధ్రంలో పెట్టుకునేవి దొరుకుతాయి.

గళవిపంచి
ఆ రెండూ పాటిస్తాను. వైరును పూర్తిగా వదిలేయమని చెప్పేవారు ఎక్కువయ్యారు, అది అవసరమైన వాళ్లు ఇంకా ఉన్నారని గుర్తించినందుకు కృతజ్ఞతలు.

తెరచాప
ఆటల్లో కూడా ఇలాంటి ఆలస్యమే ఉంది. తుపాకీ పేలిన తర్వాత కాసేపటికి శబ్దం వస్తుంది. వీడియోల్లో మాత్రం పెదవులకూ మాటకూ తేడా కనిపించదు. రెండూ అవే హెడ్‌ఫోన్స్ కదా?

సాంకేతికుడు
ఆలస్యం రెండు చోట్లా ఒకటే. వీడియో యాప్‌కు తర్వాత వచ్చే దృశ్యం ముందే తెలుసు కాబట్టి, శబ్దం ఎంత ఆలస్యమవుతుందో లెక్కించి బొమ్మను కూడా అంతే ఆలస్యంగా చూపిస్తుంది. ఆటలో మీరు ఎప్పుడు నొక్కుతారో ఎవరికీ ముందు తెలియదు, కాబట్టి సర్దడానికి వీల్లేదు. మీ ఇయర్‌బడ్స్‌లో గేమ్ మోడ్ ఉంటే ఆన్ చేయండి, ఆలస్యం తగ్గుతుంది. పూర్తిగా పోదు.

నిశాచరి
నడుస్తున్నప్పుడు శబ్దం తెగిపోతూ రావడానికి కూడా ఇదే కారణమా? మా వాటి మీద బ్లూటూత్ 5.0 అని ఉంది. దాని పరిధి నాలుగు రెట్లు ఎక్కువని చదివాను, జేబులో ఉన్న ఫోనుకే అందకపోవడం ఏమిటి?

చిన్నమరమ్మతులు
ఫోను ఏ జేబులో ఉంది? వెనక జేబులో గానీ, సంచి అడుగున గానీ ఉంటే పై జేబుకు మార్చి చూడండి. బ్లూటూత్ పనిచేసే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీరు బాగా పీల్చుకుంటుంది, మన శరీరంలో ఎక్కువ భాగం నీరే. గది లోపల గోడలకు తగిలి తిరిగొచ్చే తరంగాలు కాపాడతాయి, బయట ఖాళీ స్థలంలో ఆ ఆసరా ఉండదు. అందుకే ఇంట్లో బాగుండి బయట తెగుతుంది.

సాంకేతికుడు
5.0లో చెప్పిన నాలుగు రెట్ల పరిధి తక్కువ శక్తితో నడిచే ఎల్‌ఈ భాగానికి చెందినది, అదీ వేగం తగ్గించుకుంటేనే. ఇప్పటి హెడ్‌ఫోన్స్‌లో ఎక్కువ భాగం పాటలను పాత క్లాసిక్ భాగంలోనే మోస్తాయి కాబట్టి ఆ సంఖ్య మీకు ఉపయోగపడదు. క్లాసిక్ బ్లూటూత్ 79 చానళ్ల మధ్య సెకనుకు 1,600 సార్లు గెంతుతూ, వైఫై ఆక్రమించిన చోట్లను తప్పించుకుంటూ పోతుంది. రద్దీ మరీ ఎక్కువైతే తప్పించుకోవడానికి చోటు మిగలదు. ఇంట్లో తెగుతుంటే ఫోను వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి. ఎల్‌డాక్ 990 మీద పెట్టుకున్న వాళ్లు 660కో 330కో దించండి, తెగకుండా వినిపించే 330 తెగుతూ వచ్చే 990 కన్నా నయం.

పాతరేడియో
మా నాన్నగారి వినికిడి యంత్రాన్ని ఐఫోన్‌కు కలపాలని చూస్తున్నాను. బ్లూటూత్ పేజీలో కనిపించడం లేదు. ఇది కూడా పెయిరింగ్ మోడ్ సమస్యేనా?

శ్రవణరేఖ
వెతుకుతున్న చోటు వేరు. ఐఫోన్‌తో నేరుగా పనిచేసే వినికిడి యంత్రాలను సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద ‘హియరింగ్ డివైసెస్’ పేజీ నుంచి కలపాలి. బ్యాటరీ తలుపు తెరిచి మళ్లీ మూస్తే అవి కొద్దిసేపు ఫోనుకు కనిపిస్తాయి. ఛార్జింగ్ రకమైతే ఆపి మళ్లీ ఆన్ చేయాలి. ఎడమ, కుడి రెండింటికీ విడివిడిగా అనుమతి అడుగుతుంది, మొదటిది నొక్కి ఆగిపోకండి.

పాతరేడియో
రెండు అనుమతులూ అడిగింది, రెండూ ఇచ్చాను. నాన్నగారు ఫోనులో మా అక్కతో మాట్లాడుతున్నారు.

విద్యుల్లత
ఒక చివరి ప్రశ్న. ఈ హెడ్‌ఫోన్స్‌ను కొన్నాళ్లు మా చెల్లికి ఇవ్వాలనుకుంటున్నాను. ఆమె హాస్టల్లో ఉంటుంది, చుట్టూ చాలా ఫోన్లు ఉంటాయి. ఇంకెవరైనా వీటికి కలిసిపోయే ప్రమాదం ఉందా?

సాంకేతికుడు
పెయిరింగ్ మోడ్‌లో ఉన్న కొద్ది నిమిషాలే జాగ్రత్త అవసరం. హెడ్‌ఫోన్స్‌కు తెర లేదు కాబట్టి ఆ సమయంలో ఎవరు ముందు నొక్కితే వారితో కలిసిపోతాయి. హాస్టల్‌కు వెళ్లకముందే ఇంట్లోనే ఆమె ఫోనుకు కలిపి పంపండి. ఆమె ఫోను అప్‌డేట్లు కూడా పూర్తిచేసి ఉంచండి. 2017లో బ్లూబోర్న్ అనే లోపాలు బయటపడ్డప్పుడు, అప్‌డేట్ చేయని ఫోన్లలోకి పెయిరింగ్ లేకుండానే చొరబడే వీలుందని తేలింది.

చిన్నమరమ్మతులు
ఇచ్చే ముందు హెడ్‌ఫోన్స్‌ను రీసెట్ చేసి, మీ ఫోనులోనూ ల్యాప్‌టాప్‌లోనూ వాటి పేరు ఫర్గెట్ చేయండి. లేకపోతే ఆమె సెలవులకు ఇంటికి వచ్చి వాటిని ఆన్ చేసిన ప్రతిసారీ మీ ల్యాప్‌టాప్ ముందుగా లాగేసుకుంటుంది. రీసెట్ చేసే పద్ధతి పెట్టెలో వచ్చిన చిన్న కాగితం మీద ఉంటుంది, ఆ కాగితం కూడా ఆమెకే ఇచ్చేయండి.